బండి ముక్కు

కింద వేదవతి మళ్లీ నవ్వింది.

మూడో అంతస్తు బాల్కనీలో రఘురాం పేపరు దించాడు. గంట నుంచీ అదే పేజీ.

కలకత్తా సాల్ట్ లేక్‌లో వాళ్ల ఫ్లాట్ల ముందు మోటార్‌హోమ్ నిలబడి ఉంది. బ్యాంకు నుంచి రిటైరయ్యాక మోజుపడి కొన్నాడు. పడకా, పొయ్యీ అన్నీ అందులోనే. భార్యాభర్తలిద్దరూ పదిహేను రోజులు పూరీ దాకా తిరిగి రావాలనుకున్నారు. ఈలోగా ఇంజిన్ లైటు వెలిగింది. సంత్రాగాఛి నుంచి సోములు అనే మెకానిక్ వచ్చి, పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ పోయిందని తేల్చి, కొత్తది బిగించాడు.

అక్కడితో అయిపోవాల్సింది. వారం తిరక్కుండా మళ్లీ వెలిగింది. ఇవాళ మూడోసారి.

సోములు వాళ్లది శ్రీకాకుళం. వేదవతిదీ అటువైపే. మొదటి రోజు మేడమ్ అన్నవాడు రెండోసారికే అక్కని పిలిచినట్టు అప్పా అన్నాడు. ఇవాళ ఆమె టీ పట్టుకెళ్లి, బండి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఏటి సోములూ, ఇంత చిన్నదానికి ఇంత పెద్ద బండి బెంగెట్టుకుంటాదా?"

"ఇది బండికి ముక్కప్పా. పొగ వాసన చూసి ఇంజిన్ ఏటి తింటందో చెప్పేస్తాది."

"అయితే మా అత్తగారే. వీధి చివర్నుంచే నా కూర మాడిందని చెప్పేసీవారు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో వేదవతి రఘురాంతో ఇలాంటి మాట ఒక్కటి అనలేదు. పెళ్లయిన కొత్తలో, భవానీపూర్ బ్రాంచి వాళ్లందరి ముందూ ఆమె 'ఏటి' అంటే రఘురాం వెక్కిరించాడు. ఆ రోజు నుంచీ అతనితో పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. భోజనానికి రండి. మందు వేసుకున్నారా. మిగతా మాటలన్నీ ఎక్కడ దాచుకుందో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇప్పుడెవడో పానా పట్టుకుని వచ్చి, అడగకుండానే అన్నీ అందుకుంటున్నాడు. రఘురాం కుర్చీని రెయిలింగు దగ్గరికి జరుపుకున్నాడు.

సోములు బండి కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు.

"సెన్సార్ బంగారం లాగుందప్పా. దాని వైరు క్లిప్పు ఊడిపోనాది. కిందటిసారీ ఇదే. వేలెట్టి నొక్కితే గాని ఊడదది. ఎవులో కావాలనే ఊడదీస్తన్నారు."

వేదవతి తల దించుకుంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పైనుంచి రఘురాం అది చూశాడు.

క్లిప్పు మళ్లీ బిగించి, ఇంక తనతో పని లేదని, రేపే బయల్దేరమని చెప్పి సోములు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం మజ్జిగ పోస్తూ వేదవతి అడిగింది.

"రేపు బయలుదేరుదామా అండీ?"

అంతే. ఆ ఇరుకు బండిలో, ఆమె మర్యాదతో, పదిహేను రోజులు. రఘురాం అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్లగానే రఘురాం పాత పేపరు చంకన పెట్టుకుని మెట్లు దిగి, దాన్ని బండి కింద పరుచుకుని వెల్లకిలా పడుకుని, చేయి చాచి ఆ క్లిప్పు మూడోసారి ఊడదీశాడు.