బస్సు ఆగే ఊళ్లు

పెరట్లో సత్యశ్రీ గొంతు విని ఇందిరమ్మ చేతిలో పని ఆపి బయటికొచ్చింది.

"పటాన్‌చెరులో బస్సెక్కావమ్మా. సంగారెడ్డి దాకా ఏ ఏ ఊళ్లలో ఆగుతుంది? వరసగా చెప్పు."

అడుగుతున్నది ఇందిరమ్మ కూతురు మహితను.

రోజూ ఆ రోడ్డు మీదే మందుల కంపెనీకి పోయొచ్చే పిల్ల. నవ్వుతూ మొదలుపెట్టింది. ముత్తంగి అన్నది. ఇస్నాపూర్ అన్నది. అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

ఇందిరమ్మకు ఒళ్లు మండిపోయింది.

సత్యశ్రీ వాళ్ల రేకుల గదిలో కిరాయికుంటోంది. తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఈ దిక్కు వచ్చాడట. ఇప్పుడామెకు వెనకా ముందూ ఎవరూ లేరు. ఎండలో అడుగు పెట్టదు. ఒక్కోరోజు తనలో తానే మాట్లాడుకుంటుంది. ఒక్కోరోజు సొంత గది ఏదో తెలియక వాకిట్లో నిలబడిపోతుంది. లక్డారంలో పిల్లా పెద్దా అందరికీ ఆమె పిచ్చామె.

"కోప్పడకండమ్మా," అంది సత్యశ్రీ. "అమ్మాయి బుగ్గలు చూడండి, ఎర్రగా కందిపోయాయి. వేళ్ల కణుపులు వాచాయి. ఇప్పుడు మరుపు మొదలైంది. ఇది మనసు జబ్బు కాదండి. లూపస్ అని, ఒంట్లోని జబ్బే తలకెక్కుతుంది. కీళ్ల డాక్టరుకు చూపించి రక్తం పరీక్ష చేయించండి. ఆలస్యం చేయకండి."

సదాశివపేట సంబంధం అప్పుడే మాటల్లో ఉంది. పిల్లకు తల జబ్బని బయట పొక్కితే ఎవరు చేసుకుంటారు?

"నీ పిచ్చి నా బిడ్డకు అంటియ్యకు," అంది ఇందిరమ్మ. "రేపటికల్లా గది ఖాళీ చెయ్యి."

సత్యశ్రీ బతిమాలలేదు. మర్నాడు సామాను ఆటోలో పెట్టించి, తాను ఎక్కబోయి మళ్లీ గేటు దాకా వచ్చింది. అమ్మాయిని డాక్టరుకు ఎప్పుడు చూపిస్తారని అడిగింది.

ఇందిరమ్మ తలుపు వేసుకుంది.

చలికాలం వచ్చేసరికి మహిత, మూలల్లో మనుషులు నిలబడ్డారనడం మొదలుపెట్టింది. అన్నంలో ఏదో కలిపారని పళ్లెం తోసేసింది. సంబంధంవాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

ముందు తాయెత్తు కట్టించారు. తర్వాత పిచ్చి డాక్టరుకు చూపించారు. ఆయనిచ్చిన గోలీలకు పిల్ల పగలంతా పడి నిద్రపోయేది. నిమ్మళించిందని ఇందిరమ్మ సంబరపడింది.

ఒకరోజు పొద్దున ఫిట్స్ వచ్చి మహిత నోట నురగ కక్కింది. పట్నంలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ లూపస్ అని చెప్పింది. మెదడు దాకా పాకిందని, మందులు గట్టిగానే ఇస్తున్నామని, ఇంకాస్త ముందు తెచ్చివుంటే బాగుండేదని అంది. మహితకు తెలివి వచ్చాక, జ్ఞాపకం ఏ మేరకు మిగిలిందో చూడడానికి మంచం పక్కన కూర్చుంది.

"పటాన్‌చెరులో బస్సెక్కావమ్మా. సంగారెడ్డి దాకా ఏ ఏ ఊళ్లలో ఆగుతుంది?"

ఆ ఊళ్ల పేర్లు పుట్టి బుద్ధెరిగి విననట్టు చూసింది మహిత.

ఆ ప్రశ్న ఇందిరమ్మ తన పెరట్లో విన్నదే.

వార్డు బయటికొచ్చాక, తమ ఇంట్లో కిరాయికున్న సత్యశ్రీ అనే ఆమె ఇదే మాట అడిగిందని డాక్టరమ్మకు చెప్పింది. పేరు వినగానే డాక్టరమ్మ నడక ఆగిపోయింది.

"ఇప్పుడేడున్నది, మేడం? ఒక్కపారి ఆమె కాళ్ల మీద పడి వస్త."

డాక్టరమ్మ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది. సత్యశ్రీ కూడా ఇదే జబ్బుకు ఇక్కడే వైద్యం చేయించుకునేది. నెలనెలా సూదిమందుకు వచ్చేది. ఉన్న గది పోయాక మళ్లీ రాలేదు. బస్టాండులో ఫిట్స్ వచ్చి పడిపోతే, తాగి పడిందనుకుని ఎవరూ దగ్గరికి పోలేదట. ఇక్కడికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

ఇందిరమ్మ వార్డు తలుపు వైపు చూసి అడిగింది.

"డాక్టర్లు అడిగే మాటలు ఆమెకెట్ల ఎరుక, మేడం?"

"మా దగ్గరున్న ఇంగ్లీషు ప్రశ్నలు ఇక్కడి ఆడవాళ్లకు అర్థం కావడం లేదని, తన తల కుదురుగా ఉన్న రోజుల్లో మా పక్కన కూర్చుని ఈ ప్రశ్నలన్నీ తయారుచేసి ఇచ్చింది ఆమేనమ్మా."