నడిమి రంగు

“ఇదేంటి హాల్వర్? నా పేరుండాల్సిన చోట నీ పేరుందేంటి?”

ఇంగున్ గొంతు వినగానే కాఫీ మిషన్ దగ్గరున్న ఇద్దరూ కప్పులు నిండకుండానే తీసుకుని జారుకున్నారు. హాల్వర్ బ్రెడ్డు మీద చీజ్ పలచగా కోసి పరుచుకుంటున్నాడు. తలెత్తలేదు.

“దేని సంగతి?”

“తెలీనట్టు నటించకు. నడిమి రంగు లెక్క. ఆ ఏడు లైన్లూ నేను రాసినవి. కోడ్ ఎవరు రాశారో చూపించే చోట నిన్న సాయంత్రం దాకా నా పేరే ఉంది. పొద్దున్నే వచ్చి చూస్తే నీ పేరు!”

“అందరం కలిసి చేసిన పని. ఎవరి పేరుంటే ఏం?”

“ఎవరిదైనా ఒకటే అయినప్పుడు నాది తీసి నీది పెట్టుకోవడం ఎందుకట?”

అతను బ్రెడ్డుని కాగితంలో చుట్టుకుంటూ, “పదింటికి మీటింగుంది. ఓస్లో నుంచి మనిషి వస్తోంది. నువ్వు రాకపోయినా పర్లేదు” అనేసి వెళ్ళిపోయాడు.

ఆరేళ్ళుగా ఇద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని పనిచేస్తున్నారు. ఆమె కూతురికి స్కీల మీద నిలబడటం నేర్పింది ఇతనే. ఇప్పుడు, తమ మంచు చరియల మ్యాపుకి బహుమతి వస్తుందని ట్రోమ్సో ఆఫీసంతా చెవులు కొరుక్కుంటున్న వేళ, ఓస్లో మనిషి దిగే ముందు రోజే ఈ పని చేశాడు.

ఇంగున్ గబగబా బూట్లు తొడుక్కుని ఇంటికి పరిగెత్తింది. పాత లాప్‌టాప్ వెతికి తీసుకుని మళ్ళీ ఆఫీసులో అడుగుపెట్టేసరికి పదీ ఇరవై. మీటింగు గది తలుపు తోసేసరికి లోపల బాసు మారిట్, హాల్వర్, వాళ్ళకెదురుగా బూడిదరంగు స్వెటర్ వేసుకున్న ఒకావిడ కనిపించారు.

“అవును, ఆ లెక్క నాదే” అంటున్నాడు హాల్వర్.

“అబద్ధం!”

ముగ్గురూ ఇటు తిరిగారు. ఇంగున్ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“సాక్ష్యం ఇదిగో. తారీఖుతో సహా ఉంది. కావాలంటే ఆ లెక్క వివరించమని అడగండి ఇతన్ని. నోరు పెగలదు.”

“ఇంగున్, కూర్చో” అన్నాడు హాల్వర్ మెల్లగా.

“నువ్వు మాట్లాడకు. సిగ్గులేదూ నీకు?”

స్వెటరావిడ నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పింది. “చెప్పండి. మీరే వివరించండి.”

ఆ నెమ్మదైన మాటకి ఇంగున్‌కి ప్రాణం లేచొచ్చింది. “మంచు చరియలు పడే అవకాశం లేని వాలుకి మా మ్యాపులో ఆకుపచ్చ, ప్రమాదమున్నదానికి ఎరుపు. ఎటూ తేలని చోటికి ఆ రెంటికీ సరిగ్గా మధ్య రంగు వెయ్యాలి. అందరూ ఏం చేస్తారంటే, రెండు రంగుల అంకెలూ కూడి సగం చేస్తారు. అప్పుడు బురదరంగు వస్తుంది, మ్యాపులో అడవికీ దానికీ తేడా తెలీదు. ఎందుకంటే ఆ అంకెలు నిజమైన వెలుగు కొలతలు కావు. ముందు వాటిని వర్గం చెయ్యాలి, తర్వాత కూడి సగం చేసి, వర్గమూలం తియ్యాలి. మామూలుగా నూట ఇరవై ఎనిమిది వచ్చే చోట నూట ఎనభై వస్తుంది. బురద పోయి నిగనిగలాడే పసుపొస్తుంది!”

“బాగుంది. ఇది పూర్తిగా మీ ఆలోచనేనా?”

“పూర్తిగా నాదే.”

“హాల్వర్ గారి పాత్ర?”

“ఏమీ లేదు. ఆ లైన్లు ఇతను చదవనైనా చదవలేదు.”

“మరి కొండ మీదికి తీసుకెళ్ళి ఎవరు పరీక్షించారు?”

నిజానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఫ్లాస్కులో కాఫీ పంచుకు తాగుతూ, ఫోన్ ఎండకి అటూ ఇటూ తిప్పి చూశారు. కానీ ఇంత ద్రోహం చేసినవాడికి ఆ కాస్త వాటా కూడా ఇవ్వబుద్ధి కాలేదు ఇంగున్‌కి.

“నేనే. ఒక్కదాన్నే.”

“జనంలోకి వదలొచ్చని నిర్ణయించింది?”

“అదీ నేనే. రాసుకోండి.”

ఆవిడ రాసుకుంది. పేజీ ఇటు తిప్పి కలం అందించింది. ఇంగున్ హాల్వర్ కళ్ళలోకి సూటిగా చూస్తూ కింద సంతకం గీసింది.

ఆవిడ నోట్‌బుక్ మూసింది. “నేను ఈ కంపెనీ లాయర్ని. ఆదివారం మంచు చరియ కింద చనిపోయినాయన చేతిలో ఉన్నది మీ మ్యాపే. ఆయన పెట్టుకున్న నారింజరంగు కళ్ళద్దాల్లోంచి చూస్తే, పలచగా వేసిన మీ పసుపు మ్యాపులోని మంచు తెలుపులో కలిసిపోయి కనపడదు. ఆయన భార్య కేసు వేసింది.”

ఇంగున్ కుర్చీ అంచు పట్టుకుంది. నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక హాల్వర్ ఒంటరిగా కూర్చుని ఆ ఏడు లైన్ల పక్కన తన పేరు పెట్టుకోవడం, రాకపోయినా పర్లేదనడం, ఇందాక మెల్లగా కూర్చోమనడం, అన్నీ ఒక్కసారిగా వేరే అర్థంతో కళ్ళ ముందు కదిలాయి. దొంగ అనుకుంది. సిగ్గులేదా అని నలుగురిలో తిట్టింది.

“పిచ్చివాడా,” అంది ఆమె, “ఇదంతా నీ నెత్తినేసుకుందామనుకున్నావా? నాకోసమా?”

హాల్వర్ ఆమె వైపు చూడలేదు. లాయర్ వైపు తిరిగాడు.

“మీరన్నట్టే అంతా తన నోటితోనే చెప్పేసింది కదా. ఇక నా పేరు తీసెయ్యనా?”