రంగు వేసే పెట్టె

"ఈ రోజు రంగు వేస్తున్నారా?" మెట్ల మీద నుంచి పై గదావిడ అడిగింది.

ఆమె పేరేమిటో, ఏం పని చేస్తుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. సెలవు రోజు వస్తే మాత్రం ఈ ప్రశ్న తప్పదు.

"వేస్తున్నానండీ," అన్నాడు రైలుబాబు ముక్తసరిగా.

"ఎప్పుడు మొదలుపెడతారు?"

"స్నానం కాగానే."

ఆమె తల ఊపి గబగబా వెళ్లిపోయింది.

"చూశావా నాన్నా, మళ్లీ ఆరా తీసింది," అంటూ అతను లోపలికి వచ్చాడు.

అతను పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో. తీరిక దొరికితే రైలు బొమ్మలు చేస్తాడు గనక ఇరుగుపొరుగు ఆ పేరు పెట్టారు.

తండ్రి ఒకప్పుడు నిజం రైళ్లే నడిపాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట పడిపోయాక గోడవైపు తిరిగి పడుకోవడమే పనైంది. ఒకరోజు కొడుకు చేతిలో సగం చేసిన బోగీ చూసి ఎడమచెయ్యి చాచాడు. అప్పటినుంచి గరుకు కాగితంతో బోగీలు నున్నగా రుద్దేది ఆయనే. రంగు పడ్డాక వాటిని చూసి నవ్వుతాడు కూడా. ఆ నవ్వు కోసం కొడుకు ఏమైనా చేస్తాడు.

చిక్కల్లా స్ప్రే రంగుతోనే వచ్చింది. ఆ వాసనకు పెద్దాయన ఊపిరాడక దగ్గేవాడు.

అందుకని రైలుబాబు ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చి, ముందువైపు కోసి, వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించాడు. దానికో గొట్టం తగిలించి కిటికీలోంచి పెరట్లోకి వదిలాడు. బోగీని పెట్టెలో ఉంచి రంగు చల్లితే వాసనంతా ఫ్యాను లాగి బయటికి నెట్టేస్తుంది. ఇంట్లో దగ్గు మాయమైంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఇంటాయన మాత్రం షరతు పెట్టాడు. "ఒక్కరు వచ్చి గొడవ చేసినా ఆ పెట్టె వీధిలో ఉంటుంది."

ఇంతవరకూ ఎవరూ గొడవ చేయలేదు. చేస్తే పై గదావిడే చేయాలి. అందుకే మరుసటి సెలవు రోజున ఆమె అడిగితే, "లేదండీ," అని అబద్ధమాడాడు. ఆమె బజారుకు బయలుదేరగానే ఫ్యాను వేశాడు.

సాయంత్రం ఆమె తలుపు తట్టింది. చేతులు కిరసనాయిలు వాసన కొడుతున్నాయి. గోళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు.

"ఈ రంగు దేనితో పోతుందండీ? కిరసనాయిలుకు లొంగడం లేదు."

రైలుబాబుకు ఒళ్లు మండింది. గొట్టంలో చెయ్యి పెట్టి మరీ సాక్ష్యం సంపాదించిందన్నమాట.

"మీకు వేరే పనేం లేదా? ఇంటాయనకు చెప్పుకుంటారా, చెప్పుకోండి. మా జోలికి మాత్రం రాకండి."

ఆమె లోపల మంచం మీదున్న పెద్దాయన వైపు ఒకసారి చూసింది.

"చెప్పనండీ," అని వెళ్లిపోయింది.

నెలాఖరుకు గది ఖాళీ చేసింది. పోతూ పోతూ వచ్చి తలుపు తట్టినా అతను తీయలేదు.

"పీడ వదిలింది నాన్నా," అంటూ తర్వాత వచ్చిన సెలవు రోజున నీలం డబ్బా అందుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా అన్ని వాటాలవాళ్లూ గుమ్మంలో ఉన్నారు. ఒకరి చేతిలో దుప్పటి, ఇంకొకరి చేతిలో తెల్లచొక్కా. అన్నింటి మీదా నీలం చుక్కలే. వాళ్ల వెనక ఇంటాయన.

"ఎప్పుడూ ఇలా కాలేదే," అన్నాడు రైలుబాబు తెల్లబోయి.

"ఎలా అవుతుందయ్యా?" అంది వట్టిచేతులతో వచ్చిన పక్కవాటా పిన్నిగారు. "నువ్వు ఫ్యాను వేసేలోపే పై గదావిడ పెరట్లో బట్టలన్నీ తీసి, మడతపెట్టి, ఎవరి గుమ్మంలో వాళ్లవి పెట్టేసేది. వానొచ్చేలా ఉందనేది. మండుటెండలో వానేమిటి, కాస్త తిక్క మనిషి కాబోలు అనుకున్నాం. ఒకసారి నా దుప్పటి మీద ఆకుపచ్చ చుక్కలు ఉతుకుతూ నాకు దొరికిపోయింది. 'ఎవరికీ చెప్పకండి పిన్నిగారూ, ఆ పెద్దాయన ఇప్పుడిప్పుడే నవ్వుతున్నారు' అంది. మాటిచ్చాను గనక నోరు విప్పలేదు."

రైలుబాబుకు ఏడుపొచ్చినంత పనైంది. మంచం మీద తండ్రి సగం రుద్దిన బోగీని గుండెకు ఆనించుకుని అందరినీ బెదురుగా చూస్తున్నాడు.

ఇంటాయన ఫ్యాను ప్లగ్గు పీకి, వంగి పెట్టెలోకి చూశాడు. "ఏమయ్యా, రంగు బయటికి పోకుండా ఫ్యాను ముందు ఫిల్టరు ఉండాలి కదా? ఇన్నాళ్లూ అది లేకుండానే నడిపావా?"

"ఉండేదండీ," అన్నాడు రైలుబాబు తల ఎత్తకుండా, "మొన్నటిదాకా పై గదిలో ఉండేవారు."