తడి ఆరని బొమ్మ

ఉల్లిపాయలు మాడుతున్నాయి. ఒటీలియా కావాలనే మాడుస్తోంది. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనను కప్పెయ్యడానికి అంతకన్నా ఘాటైనది ఆ ఇంట్లో ఇంకేమీ లేదు.

ఆవిడ భర్త వీలాండ్ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. బూట్లు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు. కుర్చీలో కూలబడినా వేళ్లు ఊరుకోవు, బల్ల మీద గీతలు గీస్తూనే ఉంటాయి.

"కాసేపు ఒక్కచోట కూర్చోవూ? నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది ఒటీలియా.

"ఎడమ పక్క చివరివాడి భుజం కుదరలేదు. బరువు కాలి మీద పడటం లేదు."

"ప్రాణాల మీదికొస్తుంటే ఇప్పుడా భుజం గొడవ!"

ఆ భుజం పడకగదిలో, బీరువా వెనకాల ఉంది. నిలువెత్తు బొమ్మ. జెండాలు పట్టుకుని ఊరేగుతున్న యూనిఫాం మనుషులు. ఒక్కడికీ తల లేదు. 1938లో, డ్రెస్డెన్‌లో, అలాంటి బొమ్మ వేసి పట్టుబడినవాళ్లు మళ్ళీ ఇల్లు చేరరు. శనివారం సరిహద్దు అవతలి బాసెల్ నుంచి స్నేహితుడొచ్చి దాన్ని చుట్టి సరిహద్దు దాటిస్తానన్నాడు. ఇవాళ గురువారం. ఈ దిక్కుమాలిన చలికి రంగు ఆరి చావడం లేదు.

వీలాండ్ ఇరవై ఏళ్లు అకాడమీలో బొమ్మలు నేర్పాడు. సొంత బొమ్మలతో ఎంత పేరొచ్చిందో, పాఠాలతోనూ అంతే వచ్చింది. ఐదేళ్ల కిందట కొత్త ప్రభుత్వం అతని ఉద్యోగం ఊడగొట్టింది. పోయినేడు ఇంకో కాగితం వచ్చింది. అతను ఇకమీదట బొమ్మలు వెయ్యకూడదు, నేర్పకూడదు. సొంత ఇంట్లో అయినా సరే. ఆ కాగితం అమలవుతోందో లేదో చూసిపోవడానికి క్రైడ్లర్ అనే ఆఫీసరును పెట్టారు. చెప్పి వచ్చే రకం కాదు.

తలుపు దబదబ మోగింది.

"ఏం ప్రొఫెసర్ గారూ, కులాసాయేనా? అయ్యో, ఇంకా ప్రొఫెసర్ అంటున్నానేంటి! అలవాటు చావదు చూడండి."

క్రైడ్లర్ టోపీ తీసి బల్ల మీద పెట్టి పనిలోకి దిగాడు. కూజాలోని కుంచెలు ఒక్కొక్కటే తీసి చెంపకు రాసుకున్నాడు. వేలికి తెలియని తడి చెంపకు తెలుస్తుందట. కుంచెలన్నీ దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వీలాండ్ చేతులు పట్టుకుని గోళ్లు చూశాడు. చొక్కా చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"భలే శుభ్రంగా ఉన్నారే! పెళ్లికొడుకులా."

వీలాండ్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. ఒటీలియా బంగాళాదుంపల బకెట్లో మోచేతుల దాకా చేతులు ముంచి కూర్చుంది. ఈ మనిషి ఎప్పుడు కదులుతాడా అని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది.

క్రైడ్లర్ టోపీ అందుకోబోయి ఆగాడు.

"ఏమ్మా, నేనొచ్చినప్పుడల్లా మీ ఇంట్లో ఉల్లిపాయలేనా? ఊళ్లో ఇంకే కూరలూ దొరకవా?"

జవాబు కోసం ఆగకుండా అతను తిన్నగా పడకగదిలోకి నడిచాడు. బీరువా జరిగిన చప్పుడైంది. తిరిగొచ్చేసరికి అతని చేతి తొడుగుకు నీలం రంగు అంటుకుని ఉంది. ఎగతాళి మొహంలో మచ్చుకైనా లేదు.

"సంతకం లేదు. ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు వీలాండ్.

"ఆయన కాదు!" ఒటీలియా అరిచింది. లేచిన విసురుకు బకెట్ తిరగబడి దుంపలు నేలంతా దొర్లాయి.

క్రైడ్లర్ జాలిగా తల ఆడించాడు. "చూశారా, అబద్ధమాడైనా సరే, మిమ్మల్ని కాపాడుకోవాలని చూస్తోంది. వృథా ప్రయాస అమ్మా. ఆ నీలం చూస్తే గుడ్డివాడైనా చెప్తాడు, ఎవరి చెయ్యో."

"నేను చెప్పేది వినండి, అది..."

"ఒటీలియా, కోటు తెచ్చివ్వు," అని కసిరాడు వీలాండ్. ఆవిడ మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆవిడ బిత్తరపోయింది. అతను దగ్గరకొచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు, నొప్పి పుట్టేంత గట్టిగా. "ఇంకొక్క మాట కూడా వద్దు."

అతను చెయ్యి వదిలాక ఆవిడ కోటు తెచ్చిచ్చింది.

పొద్దుటి నుంచి నిలవని ఆ కాళ్లు ఇప్పుడు తడబడకుండా మెట్లు దిగాయి. ఎదురింటివాళ్లు కర్టెన్ లాగేసుకున్నారు. అతన్ని ఎక్కించుకున్న కారు మలుపు తిరిగింది. ఒటీలియా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. భయం, సిగ్గు, కోపం అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి.

పదిహేడేళ్ల కాపురంలో, ఒటీలియా వేసిన బొమ్మను వీలాండ్ తనదని చెప్పుకోవడం అదే మొదటిసారి.