మోకాళ్లలో వెలుగు

ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో పెళ్లిచూపులంటే ఇప్పుడు ఎముకలు చూడడమే. పద్నాలుగేళ్ల నవనీత పొద్దున్నే ఎముకల్లో చేరే కిరణాల మందు తాగి, అందరి మధ్యా వాటిని చూపే తెర ముందు నిలబడింది. వయసడిగితే పద్దెనిమిదనమని నాన్న నేర్పాడు.

ఫ్లోరైడ్ రోగం పట్టిన ఎముకే తెరపై వెలుగుతుందంటారు. వెన్ను మసకగానే ఉంది. మోకాళ్లు మాత్రం దీపాల్లా వెలిగాయి.

"రోగమున్న పిల్లను అంటగడ్తున్నవా లింగయ్యా?" అంది పెళ్లికొడుకు తల్లి, నాన్నతో.

"రోగం కాదక్కా," అంది తెర తెచ్చిన నర్సమ్మ. "ఎముక పెరిగేకాడ మందు గట్లనే వెలుగుతది. ఈ పిల్ల ఇంకా పెరుగుతున్నది. పద్దెనిమిదేండ్లని ఎవరు చెప్పిన్రు?"

నాన్న తల దించుకున్నాడు. వచ్చినవాళ్లు లేచారు.

పెద్దదానిలా కనబడాలని అమ్మ చుట్టిన కొప్పును నవనీత మెల్లగా విప్పి, బడికి వేసుకునే రెండు జడలు అల్లుకోసాగింది.