కెప్టెన్ గారి ఖైదీ

తలుపు గంట మోగగానే తల్లికి ప్రాణం లేచొచ్చింది.

పరుగున వెళ్లి తీసింది. పిల్లలెవరూ లేరు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ ఒకావిడ నిలబడి ఉంది.

"బాబు తల్లి మీరేనా? మీతో ఒక్క మాట మాట్లాడాలి."

"మాటలు తర్వాతమ్మా. పిల్లల్ని ఆడించడానికి మనిషిని పంపమంటే పార్టీ సామాన్ల షాపు వాళ్లు ఇప్పుడా పంపడం? రా, ముందు బెలూన్లు ఊదు."

ఆవిడ ఏదో చెప్పబోతూ లోపలికి చూసింది.

హాలంతా సముద్రమైపోయి ఉంది. నేల మీద నీలం దుప్పట్లు, మధ్యలో సోఫా ఓడ, దానికి అట్టముక్క చుక్కాని. ఓడలో నల్ల టోపీ పెట్టుకుని ఎనిమిదేళ్ల కెప్టెన్ ఒక్కడే కూర్చున్నాడు. పుట్టినరోజు వాడిదే. ఆవిణ్ణి చూడగానే టోపీ ముక్కు మీదికి లాక్కున్నాడు.

"వీడికి కొత్తవాళ్లంటే బిడియం," అంది తల్లి.

ఆవిడ కాసేపు వాడి వంకే చూసింది. తర్వాత కింద కూర్చుని ఒక బెలూన్ అందుకుంది.

"పిల్లలెవరూ రాలేదా అండీ?"

అంతే, తల్లికి ఎక్కడలేని ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి.

"ఎలా వస్తారు? పోయిన వారం బడిలో మావాడు ఒకణ్ణి తోశాడు. జారుడుబల్ల మీంచి పడి చెయ్యి విరిగింది. పిల్లలన్నాక పడరూ? వాళ్లమ్మ ఉందే, మహాతల్లి, ఊరంతా చాటింపు వేసుంటుంది! ఆవిడ మొహం నేను చూడలేదు, చూడబోను కూడా."

"ఆ పిల్లాణ్ణి చూడ్డానికి వెళ్లారా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" తల్లి గొంతు తగ్గింది. వెంటనే మళ్లీ లేచింది. "అయినా ఇదంతా నీకెందుకు? ఊదు."

ఆవిడ ఊదిన బెలూన్‌కి ముడి వేసి లేచింది.

"ఒక ఫోన్ చేసుకుని వస్తాను," అంటూ మెట్ల మీదికి వెళ్లింది.

"వచ్చీ రాగానే ఫోన్లు!" తల్లి పళ్లు నూరింది.

కానీ కాసేపటికి గంట మోగింది. మళ్లీ మోగింది. ఒకళ్లూ ఇద్దరూ కాదు, క్లాసు పిల్లలంతా దిగిపోయారు. ఎందుకు రాలేదో, ఎందుకు వచ్చారో అడిగే ఓపిక తల్లికి లేదు. ఆ సంబరంలో చప్పట్లు కొట్టింది.

"ఖైదీ ఆట! ఒక్కొక్కళ్లే పీట మీద నిలబడండి. కెప్టెన్ మిమ్మల్ని సముద్రంలోకి తోసేస్తాడు!"

నెల కిందట అనుకున్న ఆట అది. తోయడం అనే మాట ఇప్పుడెలా వినిపిస్తుందో తల్లి బుర్రకి తట్టనే లేదు.

ఒక్కరూ కదల్లేదు.

"నేను నిలబడను. వాడు నిజంగానే తోస్తాడు," అందొక పిల్ల.

కెప్టెన్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పిల్లలు గోడవైపు జరిగారు. ఒకడైతే చెప్పులు వెతుక్కుంటున్నాడు. వాడు గుమ్మం దాటితే అందరూ దాటేస్తారు.

బెలూన్లావిడ వచ్చి పీటెక్కింది.

"నేనే ఖైదీని. తొయ్యి కెప్టెన్."

వాడు దగ్గరికొచ్చాడు. తలెత్తి ఆవిణ్ణి చూడలేకపోతున్నాడు.

"తొయ్యను," అని వెక్కివెక్కి ఏడ్చాడు. "ఇంకెప్పుడూ తొయ్యను."

"మరి దింపుతావా?" ఆవిడ చెయ్యి చాపింది.

వాడు రెండు చేతులతో పట్టుకుని, నిండు బిందెను తొణక్కుండా దించినట్టు దింపాడు.

చెప్పులు వెతుక్కుంటున్నవాడు ఆగాడు. "నన్ను కూడా దింపరా!"

క్షణంలో పీట కోసం కొట్లాట మొదలైంది.

కేకు కోయడం అయ్యాక ఆవిడ బయల్దేరింది. తల్లికి మహా ఉషారుగా ఉంది.

"పనిమంతురాలివే! పిల్లలున్నారా? ఈ ముక్క పట్టుకెళ్లు."

"ఒక్కడే," అని ఆవిడ పొట్లం తీసుకుని మెట్లు దిగింది. చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట చెప్పనే లేదు. తల్లి అడగనూ లేదు.

అటు ఆవిడ వెళ్లిందో లేదో, ఇటు షాపు నుంచి ఫోను. "ఏమనుకోకండి మేడమ్, మా మనిషికి ఒంట్లో బాగాలేదు. ఇవాళ పంపలేకపోయాం."

తల్లి ఫోను పట్టుకుని నిలబడిపోయింది. ఈలోగా కూతుర్ని తీసుకెళ్లడానికి ఒకావిడ వచ్చింది.

"నిజం చెప్పొద్దూ, పంపకూడదనే అనుకున్నామండీ. చెయ్యి విరిగిన బాబు వాళ్లమ్మే అందరికీ ఫోన్ చేసి, పాపం పసివాడు, పంపండని బతిమాలింది."

"ఆవిడా?" అంది తల్లి. "మా ఇంటికి ఎవరూ రాలేదని ఆవిడకెలా తెలిసింది?"

కెప్టెన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"వాణ్ణి రోజూ బడికి తీసుకొచ్చే ఆంటీనే కదమ్మా, నేను పీట మీంచి దింపింది."