వద్దన్నవాళ్ళ కాగితం

"ముద్ర తెచ్చుకున్నావా?" అంది హ్వాసుక్, తల ఎత్తకుండానే.

గ్యుసిక్ జేబులోంచి, సంతకానికి బదులు వేసే తన పేరు చెక్కిన చిన్న చెక్క ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు. "తెచ్చాను మేడమ్. ఆ వద్దనే కాగితం ఇటివ్వండి. ఠక్కున కొట్టేసి పోతాను. పైన ఎక్స్‌రేలు ఆగిపోయి ఉన్నాయి."

దేగు నగరంలోని ఆ ఆసుపత్రిలో సిబ్బందికి ఫ్లూ టీకాలు వేయడానికి అది ఆఖరి రోజు. రెండు వారాలుగా క్యాంటీన్ పక్క గదిలో బల్ల వేసుకుని కూర్చుంటోంది నర్సు యోన్ హ్వాసుక్. టీకా వేయించుకున్నవాళ్ళ గుర్తింపు కార్డు మీద పచ్చ చుక్క అంటిస్తుంది. వద్దనేవాళ్ళు కారణం రాసి, ముద్ర వేసి ఇవ్వాలి. ఎవరినీ బలవంతపెట్టకూడదు.

ఆ సంగతి హ్వాసుక్‌కి తెలుసు. కానీ ఆ కాగితం ఆమె చేతిలోంచి రావాలంటే యుద్ధం చేయాల్సిందే. పెద్ద సర్జన్‌ని లిఫ్టులో నిలబెట్టి కడిగేసింది. వంటవాళ్ళని కిమ్చీ పచ్చడి జాడీల దగ్గరకే వెళ్ళి పట్టుకుంది. చాటున అందరూ ఆమెని 'సూదమ్మ' అంటారు. ఎదురుగా మాత్రం నోరెత్తరు.

దానికి కారణం ఉంది. పోయిన చలికాలం ఆమె తల్లి ఇదే ఆసుపత్రిలో, ఏడో అంతస్తులో, ఫ్లూతో చనిపోయింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయి, ఇంకో నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్ళాల్సిన మనిషి. బంధువులెవరినీ లోపలికి రానివ్వని రోజులవి. అంటే జబ్బును మోసుకెళ్ళింది సిబ్బందిలోనే ఎవరో. హ్వాసుక్ అప్పట్లో కింద కంటి విభాగంలో ఉండేది. తన భోజనం మానుకుని, ఆ అరగంటలో తల్లికి గుమ్మడికాయ జావ పట్టుకెళ్ళేది. ఏడాది తిరక్కుండానే, ఎవరూ కోరుకోని ఈ టీకాల పని అడిగి మరీ వేయించుకుంది.

ఇప్పుడు మిగిలింది ఎక్స్‌రే గ్యుసిక్ ఒక్కడే.

"కారణం ఏమిటి?"

"పదేళ్ళలో నాకు..."

"ఒక్కసారి కూడా జలుబు చేయలేదు. అంతేనా?"

"అదీ ఉంది. పైగా ఎప్పుడో ఒకసారి వేయించుకుంటే..."

"రెండ్రోజులు చెయ్యి లాగింది. ఈ వారమేమో పని ఎక్కువ. వచ్చే వారం చూద్దాం అనుకున్నావు. అవునా?"

గ్యుసిక్ నవ్వేశాడు. "మీకు సోది చెప్పడం కూడా వచ్చా మేడమ్?"

మూల నేల తుడుస్తున్న మల్సున్ పిన్ని కర్ర ఆనించి నిలబడింది. ఆ ఆసుపత్రిలో ఆమె ఊడ్చని గది లేదు. "నవ్వకురా అబ్బాయ్. నాకు అరవై ఆరేళ్ళు. సూది కనిపిస్తే చిన్నప్పుడు పొలాల్లోకి పారిపోయేదాన్ని. నేనే వేయించుకున్నా. చూడు, పెళ్ళికూతురి బుగ్గ మీదలా చుక్క కూడా పెట్టింది. నువ్వేంటి, ఇంత ఒడ్డూ పొడుగూ ఉండి చెయ్యి దాచుకుంటావు?"

"భయం కాదు పిన్నీ. నా ఒళ్ళు, నా ఇష్టం."

హ్వాసుక్ బల్ల మీద చరిచింది. గ్యుసిక్ ముద్ర ఎగిరి పక్కకు దొర్లింది.

"నీ ఒళ్ళా? రోజుకి నలభై మంచాల దగ్గరికి ఆ మిషన్ తోసుకెళ్తావు. ముసలమ్మల్ని లేపి, వీపు కింద పలక పెట్టి, 'ఊపిరి బిగపట్టండి' అంటావు. నీ ముక్కుకీ ఆమె ముక్కుకీ మధ్య జానెడు దూరం ఉండదు. అప్పుడది ఎవరి ఒళ్ళు?"

గ్యుసిక్ నవ్వు ఆగిపోయింది.

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి అతని ముందు పడేసింది. పోయినేడు ఎవరో రాసిచ్చిన వద్దనే కాగితం అది. పేరూ ముద్రా ఉండే కింది భాగాన్ని లోపలికి మడిచి పిన్ను కొట్టి ఉంది.

"పైకి చదువు."

"పదేళ్ళలో నాకు ఒక్కసారి కూడా జలుబు చేయలేదు. పోయినసారి వేయించుకుంటే చెయ్యి లాగింది. ఈ వారం పని ఎక్కువ. వచ్చే వారం చూస్తాను." చివరికొచ్చేసరికి అతని గొంతు తగ్గింది.

"జనవరిలో ఈ మనిషికి గొంతు గరగరలాడింది. బిళ్ళ మింగి ఏడో అంతస్తుకి ఎక్కింది. మా అమ్మకి చెవులు వినపడవు. పెదాలు చూస్తే గాని మాట అర్థం కాదు. అందుకని మాస్కు కిందికి లాగి, మీదికి వంగి మాట్లాడింది. తర్వాత పరీక్ష చేస్తే ఇద్దరిదీ ఒకటే ఫ్లూ."

"ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉందా?"

"ఉండకేం? జీతం తీసుకుంటోంది. క్యాంటీన్లో వేడివేడి సూప్ తాగుతోంది."

గ్యుసిక్ మొహం ఎర్రబడింది. "మీరెలా ఊరుకున్నారు మేడమ్? మా అమ్మకి ఇలా చేసుంటే, మెడ పట్టుకుని గేటు బయటికి గెంటేవాణ్ణి!"

"నేను ఊరుకున్నానని నీకెవరు చెప్పారు?"

మల్సున్ పిన్ని గబుక్కున తల దించుకుని, తుడిచిన చోటే మళ్ళీ తుడవసాగింది.

గ్యుసిక్ బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తర్వాత ముద్రను జేబులో వేసుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

అంతసేపు అరిచిన మనిషి చెయ్యి ఎంత మెత్తగా ఉందంటే, సూది దిగి బయటికి వచ్చింది కూడా అతనికి తెలియలేదు. ఆమె దూది అద్దింది. కార్డు మీద పచ్చ చుక్క అంటించి, అంచులు వేలితో నొక్కింది.

"ఎవరో చెప్పండి మేడమ్. నేను వదిలిపెట్టను."

హ్వాసుక్ ఆ కాగితాన్ని అతని వైపు తోసింది.

"మెడ పట్టుకుంటానన్నావుగా. చూసుకో."

గ్యుసిక్ పిన్ను పీకి మడత విప్పాడు. కింద ఎర్రగా, గుండ్రంగా, కాస్త వంకరగా పడిన ముద్రలో యోన్ హ్వాసుక్ అని ఉంది.